శొంఠిపొడి ఆపిన లారీ

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అత్తయ్యకి అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. "లారీలకి పర్మిషన్లు తెప్పిస్తాను అత్తయ్యా" అంటే, "అంటే ఆర్టీవో ఆఫీసు బయట బ్రోకర్లుంటారే, అలాగా?" అన్నారు. ముందు ఉడుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే అంతకన్నా మంచి మాట నాకూ దొరకలేదు. యుద్ధం జరిగే చోట్లకి సాయం సామాను పంపే ఒక సంస్థలో పని చేస్తాను. సామాను కొనడం, సర్దించడం, ఓడ ఎక్కించడం, ఇవన్నీ డబ్బుతోనూ ఓపికతోనూ అయ్యే పనులే. చివర్లో సరిహద్దు దగ్గర ఒక గేటు ఉంటుంది. ఆ గేటు దాటించడం మాత్రం దేనితో అవుతుందో ఇప్పటికీ నాకు తెలీదు. నా జీతం ఆ తెలీని పనికే.

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాయగానే చదివేవాళ్ళు ఏదో ఒక పక్షం వైపు కుర్చీ జరుపుకుంటారు. నర్సమ్మ సంగతి ఎవరూ వినరు. నర్సమ్మ అంటే, చుట్టూ దారులన్నీ మూసేసిన ఒక ఊళ్ళో, బడి గదుల్లో కాన్పులు చేస్తున్న ఆవిడ. ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. సిగ్నల్ దొరికినప్పుడు వాయిస్ మెసేజీ పెట్టేది. మమ్మల్ని అడిగింది పెద్ద కోరికేం కాదు. కాన్పయిన ప్రతి మనిషికీ ఒక సంచి. అందులో తువ్వాలు, సబ్బు, చేతి తొడుగులు, బొడ్డుకి పెట్టే క్లిప్పు, బిడ్డకి ఒక మందపాటి దుప్పటి. పుట్టిన పిల్లల్ని బడి కిటికీల కర్టెన్లు చింపి వాటిలో చుడుతున్నామని, కర్టెన్లు కూడా అయిపోవచ్చాయని చెప్పింది. "చలి మొదలయ్యే లోపల పంపగలరా?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "పంపుతాం" అనేశాను.

మొదట అనుకున్న సంచిలో ఒక కొత్త బ్లేడు కూడా ఉండేది, బొడ్డు కోయడానికి. పదునైన వస్తువులు కుదరవని గేటు దగ్గరి నుంచి ముందే కబురొచ్చింది. తీసేశాం. ఆ మాట నర్సమ్మకి చెబితే, "మరి దేంతో కోయాలి?" అని అడిగింది. అదే ప్రశ్న నేను పొద్దుటి కాల్‌లో ఉన్నదున్నట్టు అడిగాను. "నోట్ చేసుకున్నాం" అన్నారు. ఆ మాట ఎక్కడ విన్నా ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా డెంటిస్టు ఆఫీసులో రిసెప్షనిస్టు అదే మాటంటే పాపం ఆ అమ్మాయి మీద అరిచినంత పని చేశాను.

పొద్దుటి కాల్ సంగతి చెప్పాలి. అక్కడి టైముకి కుదరాలి కాబట్టి అమెరికాలో మా ఊరు నేపర్‌విల్‌లో ఇంకా తెల్లారకముందే మొదలయ్యేది. వంటింట్లో అత్తయ్య కీర్తనలు పాడుకుంటూ ఉండేవారు కాబట్టి నేను గరాజ్‌లోకి వెళ్ళి కార్‌లో కూర్చుని మాట్లాడేదాన్ని. రేవులో మా ఏజెంటు, పక్కదేశం సరిహద్దు ఆఫీసు మనిషి, దారులు మూసిన సైన్యం తరఫున సమన్వయం చేసే ఆఫీసర్, అమెరికా ప్రభుత్వం తరఫున ఒక దొరగారు, మా బాస్, నేను. "మేం ఆపడం లేదు, అవతలివాళ్ళే లారీల్ని పంపడం లేదు" అని సైన్యం మనిషి. "మేం పంపడానికి రెడీ, వాళ్ళే తీసుకోవడం లేదు" అని సరిహద్దు మనిషి. పైనుంచి కాగితం రాలేదని రేవు. "ఆందోళనతో గమనిస్తున్నాం" అని మా దొరగారు. గేటు తాళంచెవి ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. కానీ ఆ కాల్‌లోకి వచ్చేసరికి ఎవరి చొక్కాకీ జేబు ఉండేది కాదు. నెలల తరబడి విన్నాను. "ఇది నా బాధ్యత" అన్న మాట ఒక్కరి నోట రాలేదు. చివరికి కాల్ అవగానే లేచి వెళ్ళడానికి కూడా ఓపిక లేక అలా స్టీరింగ్ పట్టుకుని కూర్చునేదాన్ని. మావారు చెత్తడబ్బా బయట పెట్టడానికి గరాజ్ తలుపు తీస్తే అప్పుడు తెల్లారిందని తెలిసేది.

సంచులు సర్దే పని మా తెలుగు చర్చి ఆడవాళ్ళు తీసుకున్నారు. పక్క ఊరు అరోరాలో ఒక అమెరికన్ చర్చి ఉంది. పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. దాని బేస్‌మెంట్‌లో శనివారాలు మా స్త్రీల కూడిక. చాలామంది గుంటూరు, బాపట్ల, నరసాపురం వైపు వాళ్ళు. కోడళ్ళు సాఫ్ట్‌వేర్, ఆస్పత్రి ఉద్యోగాలు. ఆరు నెలలకని వచ్చిన అత్తగార్లు, అమ్మలు వాళ్ళ పక్కన. నేను లిస్టు చదివి, ఎలా మడవాలో చూపించి, ఆఫీసు కాల్ ఒకటుంటే వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు అందరికీ గట్టిగా చెప్పిన మాట ఒకటే: "అక్కా, ఇవి బాలింతలకి వెళ్ళేవి. శుభ్రంగా, ప్రేమగా సర్దండి." ఆ 'ప్రేమగా' అన్న మాట అనకుండా ఉండాల్సింది.

ఆ వారమంతా మా ఇంట్లో ఘాటైన వాసన. పొద్దున వేయించిన వాసన, మధ్యాహ్నం మిక్సీ చప్పుడు. అత్తయ్య మోకాళ్ళ నొప్పికి శొంఠి కొట్టుకుంటున్నారనుకున్నాను. ఆవిడ బాపట్ల దగ్గర బళ్ళో టీచరుగా రిటైరయ్యారు. ఏ పనైనా నిశ్శబ్దంగా, పూర్తిగా చేస్తారు. అడిగితే తప్ప చెప్పరు. నేను అడగలేదు.

ఓడ వెళ్ళింది, రేవు చేరింది, లారీ కదిలింది. లారీ గేటు దగ్గర వరసలో ఉందని తెలిసిన రోజున అత్తయ్య భోజనం ముందు ప్రార్థనలో దాన్ని కూడా చేర్చారు. "ప్రభువా, ఆ లారీ నడిపే బిడ్డకి నిద్ర రాకుండా చూడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వరసలో రోజుల తరబడి కదలని లారీలో డ్రైవరు నిద్రపోక ఏం చేస్తాడు?

తర్వాతి కాల్‌లో ఒక ఫోటో పంపారు. నీలం తొడుగు వేసుకున్న చెయ్యి. అందులో బొటనవేలంత జిప్ సంచి. లోపల లేత గోధుమరంగు పొడి. ప్రకటించని, గుర్తు తెలియని పొడి, ప్రతి సంచిలోనూ ఉంది, లారీ వెనక్కి పంపాం అని సైన్యం ఆఫీసర్ చెప్పాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. నేను ఫోటో పెద్దది చేసి చూడనవసరం లేకపోయింది. ఆ జిప్ సంచుల కట్ట మా వంటింటి గట్టు మీదే ఉంది.

లోపలికి వెళ్ళాను. అత్తయ్య పెసరట్టు తిరగేస్తున్నారు.

"అత్తయ్యా, సంచుల్లో ఏమైనా పెట్టారా?"

"శొంఠిపొడి పెట్టాం కదమ్మా" అన్నారు, ఏమీ జరగనట్టు.

"ఎందుకు పెట్టారు?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "బాలింతలకి అని నువ్వే కదా చెప్పింది? పచ్చి బాలింతకి పంపే సంచిలో శొంఠి లేకుండా ఎలా పంపుతారమ్మా? కడుపు చల్లబడిపోదూ?"

"నాకొక మాట చెప్పాల్సింది కదా!"

"తువ్వాలు మడిచాం, సబ్బు పెట్టాం అని చెప్పామా? ఇదీ అంతే అనుకున్నాం. నేనొక్కదాన్నే కాదు, కొందరు వాము కూడా పెట్టారు."

అదీ జరిగింది. బేస్‌మెంట్‌లో అంతమంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళున్నారు. లేబుల్ లేకుండా ఒక్క మాత్ర కూడా కౌంటర్ దాటనివ్వని ఫార్మసిస్టు ఉంది. ఒక్కరికీ ఇది అభ్యంతరం అనిపించలేదు. బాలింత అన్న మాట చెవిన పడగానే చదువులూ ఉద్యోగాలూ పక్కకి పోయి అందరూ పురిటి గదిలో నిలబడ్డ ఆడవాళ్ళయిపోయారు. ఇంకెవరైనా అయితే ఒక కార్డు ముక్క పెట్టేవారేమో. మావాళ్ళు శొంఠి పెట్టారు.

నేను అరిచాను. దాచుకోవడం ఎందుకు, గట్టిగానే అరిచాను. సరిహద్దు అంటే ఏమిటో, పొడి అంటే అక్కడ ఏమనుకుంటారో, ఆ లారీ కోసం నేను ఎన్ని తెల్లవారుజాములు గరాజ్‌లో కూర్చున్నానో అన్నీ ఏకరువు పెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. నేను సైన్యం మీద కోపం అత్త మీద చూపించాను. ఆవిడ స్టవ్ ఆపి కుర్చీలో కూర్చున్నారు. తనని తాను సమర్థించుకోలేదు. అడిగిన మాట ఒకటే.

"అయితే ఇప్పుడు ఆ పిల్లల్ని దేంట్లో చుడుతున్నారమ్మా?"

మర్నాడు కాల్‌లో ఒక వింత జరిగింది. మా బాస్, మంచివాడే, మెల్లగా ఒక దారి చెప్పాడు. ఆగడానికి మూలకారణం సర్దిన చోట జరిగిన పొరపాటు అని మా వైపు నుంచి ఒప్పుకుంటే, పొడి తీసేసి మళ్ళీ సర్దించి కొత్తగా వరసలో పెట్టనిస్తారట. ఒప్పుకోకపోతే విచారణ తేలేదాకా సామాను గోడౌన్‌లోనే. "గుడ్" అన్నాడు సైన్యం ఆఫీసర్. "మాకు సమ్మతమే" అన్నాడు సరిహద్దు మనిషి. రేవు కూడా సరేనంది. మా దొరగారైతే థాంక్స్ కూడా చెప్పారు. నెలల తరబడి ఏ ఒక్క విషయం మీదా కలవని గొంతులు ఆ పూట ఒక్కటయ్యాయి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఇన్నాళ్ళూ ఊరూరా తిరిగినా నిలువ నీడ దొరకని బాధ్యతకి ఆఖరికి ఇల్లు దొరికింది. అది నేపర్‌విల్‌లో, మా వంటింట్లో, మోకాళ్ళ నొప్పులున్న ఒక రిటైర్డ్ టీచరు దగ్గర.

ఆ ఒప్పుకోలు రాయను అన్నాను. పొడి పెట్టడం తప్పు కాదని నేననలేదు. తప్పే. కానీ అంతకు ముందు మరో సంస్థ లారీ ఆగింది, దాంట్లో ఏ పొడీ లేదు. పెట్టెల ఎత్తు ఎక్కువైందన్నారు. ఇంకో లారీ టార్పాలిన్ కట్టిన తీరు బాలేదన్నారు. శొంఠి లేకపోతే తువ్వాలు రంగు అనేవారు. ఆ గేటు మూసి ఉండటం ఒకరి నిర్ణయం. ఆ నిర్ణయానికి రోజుకొక కారణం కావాలి. ఆ రోజు కారణం మావాళ్ళు ఇచ్చారు. ఇదంతా బాస్‌కి చెప్పాను. ఆయన విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే. కానీ నిజం దుప్పట్లని మోసుకెళ్ళదు" అన్నాడు. మావారు కూడా అదే మాట ఇంకోలా చెప్పారు. "జాబ్‌ని జాబ్‌లా చూడు. ఒక్క లైన్ కదా, రాసి పడెయ్." అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. రాస్తే అబద్ధానికి సంతకం పెట్టినట్టు. రాయకపోతే ఆ పిల్లలు కర్టెన్ల పేలికల్లో.

మేం మాట్లాడుకునేది అత్తయ్య విన్నారు. ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మామూలుగా ఉద్యోగం వచ్చిందనో, వీసా స్టాంపింగ్ అయిందనో, స్కాన్ రిపోర్టు బాగుందనో లేచి చెబుతుంటారు. అత్తయ్య లేచారు. చీర కొంగు లాగి కూర్చోబెడదామనుకున్నాను. చెయ్యి అందలేదు.

"అందరికీ వందనాలు. ఆ బాలింతల లారీ నా వల్ల ఆగింది" అన్నారు. బళ్ళో పాఠం చెప్పినట్టు, తడబడకుండా. "శొంఠి నేను కొట్టాను. పెట్టమన్నది నేను. మా అమ్మాయికి చెప్పలేదు. దేవుడు నన్ను క్షమించాలి, ఆ తల్లులు కూడా క్షమించాలి. లారీ వెళ్ళేలా మీరందరూ ప్రార్థన చెయ్యండి."

తర్వాత వెనక వరసలోంచి ఫార్మసిస్టు లేచింది. "ఆంటీ ఒక్కరిదే కాదండీ. నేను పక్కనే ఉన్నాను. లేబుల్ లేదని నాకు తట్టలేదు. రోజూ చేసే పనే, అయినా తట్టలేదు. నాదీ తప్పే." కూర్చుంటూ ఏడ్చేసింది. ఇంకొకావిడ లేచి, వాము తెచ్చింది నేనన్నారు. జిప్ సంచులు అమెజాన్‌లో ఆర్డర్ చేసింది నేనని ఇంకో అమ్మాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అలా ఒక్కొక్కరూ లేచి తమ పిడికెడు తాము అడిగి మరీ పుచ్చుకున్నారు. పాస్టర్ అయ్యగారు కంగారుపడి, "ఇదంతా దేవుని చిత్తం" అని సర్దిచెప్పబోయారు. అత్తయ్య అడ్డం వచ్చారు. "దేవుడి మీదికి నెట్టకండి అయ్యగారూ. శొంఠి ఆయన కొట్టలేదు" అన్నారు. చర్చిలో నవ్వు కూడా వచ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. గరాజ్‌లో చెవులు కాయలు కాసేలా ఎదురుచూసిన మాట ఇదే. ఆ గేటుని వేలితో కూడా తాకని ఆడవాళ్ళ నోట, అద్దె చర్చిలో విన్నాను. గేటు మూసినవాళ్ళు మాత్రం ఆ వేళకి హాయిగా నిద్రపోతుంటారు. అది తలుచుకుంటే ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండింటికీ శక్తి లేక కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

కార్‌లో వచ్చేటప్పుడు అత్తయ్య అన్నారు, "రాసెయ్యమ్మా. నాదే తప్పని రాయి. కావాలంటే నా పేరు కూడా పెట్టు. లారీ వెళ్తుంది కదా?"

"వెళ్తుందన్నారు అత్తయ్యా."

"అన్నారు కదా. మరింకేం?"

రాశాను. పేరు పెట్టలేదు, 'స్వచ్ఛంద సేవకుల పొరపాటు' అని రాశాను. అందరూ నిమిషాల్లో ఒప్పుకున్నారు. సంచులన్నీ విప్పించి, పొడులు తీయించి, మళ్ళీ కట్టించారు. నర్సమ్మకి నేనే మెసేజీ పెట్టాను, వస్తున్నాయని. ఆ పొడి ఏమిటని ఆవిడ అడిగింది. చెప్పాను. కాసేపటికి జవాబొచ్చింది. "మా అమ్మ కూడా బాలింతలకి అల్లమే ఇచ్చేది. మీ అత్తగారికి చెప్పండి" అంది. చెబితే అత్తయ్య ముఖం ఆ వారంలో మొదటిసారి విప్పారింది. "చూశావా, అక్కడా అదేనట" అని మావారితో ఫోన్‌లో కూడా చెప్పారు, ఆయన ఆఫీస్‌లో మీటింగ్‌లో ఉంటే.

లారీ మళ్ళీ వరసలో చేరింది. నేపర్‌విల్‌లో ఆకులన్నీ రాలిపోయాయి. అత్తయ్య భోజనం ముందు ప్రార్థనలో లారీని వదల్లేదు. నేను కాల్స్‌లో మాట్లాడటం తగ్గించేశాను. వినడానికి మాత్రం వెళ్ళేదాన్ని. ఒకరోజు పొద్దున, మాటల మధ్యలో, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు సైన్యం ఆఫీసర్. బాలింతల సామాను లారీని వెనక్కి పంపామని. కారణం అడిగాను. "ఈరోజు అనుమతి లేదు" అన్నాడు. అది కారణం కాదు కదా అన్నాను. నోట్ చేసుకున్నాడు. సరిహద్దు మనిషి, రేవు, మా దొరగారు, ఎవరి మాట వాళ్ళు మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చారు.

నర్సమ్మ మెసేజీ అప్పటికే వచ్చి ఉంది. అక్కడ చలి మొదలైందట. రాత్రి పుట్టిన పిల్లని తన స్వెటర్‌లో చుట్టిందట. వేరే ఏమీ అడగలేదు.

లోపలికి వచ్చేసరికి అత్తయ్య నాకోసం కాఫీ కలుపుతున్నారు. నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టేశారు.

"వెనక్కి పంపేశారా?"

"పంపేశారు అత్తయ్యా."

"ఈసారి మేమేం పెట్టలేదు కదమ్మా?"

"ఏం పెట్టలేదు. అన్నీ చూసే కట్టారు."

"మరి ఈసారి తప్పు ఎవరు ఒప్పుకున్నారు?"

"ఎవరూ ఒప్పుకోలేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పిల్లలకి ఏదో ఉపాయం చెప్పినట్టు, మెల్లగా అన్నారు.

"అయితే ఈసారి కూడా నాదే తప్పని రాసెయ్యమ్మా. లారీ వెళ్తుందేమో."